గడ్డిచేనికి ఒక పాత రైఫిల్: ఎంపికపై కేస్ స్టడీ

పాత చిన్న కాలిబర్ రైఫిల్ కొనాలనుకునేవారు సాధారణంగా మోడల్ పేరు చెప్పి మొదలుపెడతారు. ఏ చేనులో కాల్చాలి, ఎంత దూరాన, ఇరుగుపొరుగు ఇళ్లు ఎక్కడ, తూటాలు ఎక్కడ దొరుకుతాయి అనే ప్రశ్నలు డబ్బు చెల్లించాకే మొదలవుతాయి. వరస ఇలా తలకిందులైతే మంచి రైఫిల్ ఒకటి పాడవుతుంది, చేను సమస్య మాత్రం అలాగే మిగులుతుంది. ఈ కేసును రాసిపెట్టడానికి కారణం అదే. ఇందులో పరిశీలించిన రైఫిళ్లలో చెడ్డ తయారీ అంటూ ఏదీ లేదు. అయినా ఆ చేనికి వాటిలో చాలావరకు పనికిరాలేదు.

నేపథ్యం

అమెరికాలోని పెన్సిల్వేనియా పల్లె ప్రాంతంలో పాత రైఫిళ్లను పరీక్షించడం, మరమ్మతు చేయడం, కొనేవారికి సలహా ఇవ్వడం నా వృత్తి. ఈ కేసులోని వ్యక్తి అరవై దాటిన తెలుగు పెద్దమనిషి. చాలా ఏళ్ల క్రితం ఈ దేశం వచ్చి, పౌరసత్వం తీసుకుని, ఉద్యోగ విరమణ తర్వాత కొంత పచ్చికభూమి కొని ఎండుగడ్డి పండిస్తున్నారు. ఇతరుల గుర్రాలను కూడా తన కొట్టంలో ఉంచి సాకుతున్నారు. ఆయన్ను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు వదిలేశాను. రైఫిళ్ల సాంకేతిక వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే నిర్ణయాలన్నీ వాటిమీదే ఆధారపడ్డాయి.

ఆ చేనికి చేటు చేస్తున్నది వుడ్‌చక్ అనే జంతువు. గ్రౌండ్‌హాగ్ అన్నా ఇదే. ఏటా ఫిబ్రవరి 2న ఇదే రాష్ట్రంలోని పంక్సటానీ పట్టణంలో చలి ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పే జంతువుగా దీన్ని టీవీలో చూపిస్తారు. గడ్డి రైతుకు మాత్రం అది ఉడత జాతికి చెందిన, రెండు నుంచి ఆరు కిలోల బరువుండే, చలికాలమంతా నేలలో నిద్రపోయి వసంతంలో లేచి మేతమీద పడే ప్రాణి. అది తినేదానికన్నా తవ్వేది ఎక్కువ నష్టం. ఎదిగిన గడ్డిలో బొరియ నోరు కనిపించదు. గుర్రం కాలు అందులో పడితే ఎముక విరుగుతుంది. కోత యంత్రం చక్రం దిగబడుతుంది. కొట్టం పునాది కింద తవ్వితే గోడ కుంగుతుంది. కొట్టం దగ్గర ఆయన బోను పెట్టి, నేలలోకి దిగేలా కంచె వేసి సమస్యను అదుపులోకి తెచ్చుకున్నారు. విశాలమైన గడ్డిచేనులో ఆ రెండూ సాధ్యం కాలేదు. అందుకే రైఫిల్ ఆలోచన వచ్చింది.

చట్టం గురించి క్లుప్తంగా చెప్పాలి. పెన్సిల్వేనియాలో తొలిసారి వేట లైసెన్సు తీసుకునేవారు భద్రతా శిక్షణ పూర్తి చేయాలి, ఆయన చేశారు. మనుషులు నివసించే ఇళ్లకు, వాడుకలో ఉన్న పొలం కట్టడాలకు 150 గజాల లోపల, అక్కడివారి అనుమతి లేకుండా తుపాకీతో వేటాడకూడదు. ఈ ఒక్క నిబంధన ఆయన చేను పటంలో మూడోవంతుకు పైగా కొట్టేసింది. ఇక్కడి తెలుగువారికి ఇంకో మాట: తాత్కాలిక వీసాలమీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గాని, వాటిని న్యాయవాదితో సరిచూసుకోకుండా డీలరు దగ్గరికి వెళ్లకూడదు. భారతదేశంలో 1959 ఆయుధ చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నందున అక్కడి పరిస్థితి పూర్తిగా వేరు. ఈ రాతలోని ఏ సలహానూ అక్కడికి అన్వయించుకోకూడదు.

తెచ్చిన సమస్య

ఆయన నా దగ్గరికి ప్రశ్నతో రాలేదు, పనితో వచ్చారు. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర అప్పటికే .218 బీ తూటాకు చేసిన వించెస్టర్ మోడల్ 43 ఒకటి కొన్నారు. "ఇది నాకు బాగా నచ్చి కొన్నానండీ. దీని నెత్తిన రంధ్రాలు వేసి స్కోపు బిగించండి, చాలు" అన్నారు.

మోడల్ 43 1949 నుంచి 1957 వరకు తయారైన బోల్టు రైఫిల్ (చేత్తో బోల్టు అనే కడ్డీని వెనక్కి లాగి తూటా ఎక్కించేది). అదే కంపెనీ పేరుమోసిన మోడల్ 70ని కొనలేనివారికోసం తెచ్చిన తేలికపాటి తుపాకీ కనుక, దాన్ని పేదవాడి మోడల్ 70 అనేవారు. .218 బీ తూటా దానికన్నా పాతది. 1930ల చివర్లో మోడల్ 65 లీవర్ రైఫిల్ కోసం వచ్చింది. 46 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) బుల్లెట్ సెకనుకు సుమారు 2,760 అడుగుల వేగంతో వెళుతుంది. ఆయన తెచ్చిన రైఫిల్‌ను బల్లమీద పెట్టి చూస్తే, ఉక్కుమీది నీలి పూత (బ్లూయింగ్) చెక్కుచెదరలేదు, కట్టె పిడి అసలుదే, స్క్రూల గాడులు ఎవరూ విప్పనట్టు పదునుగా ఉన్నాయి, బోరు, అంటే బ్యారెల్ లోపలి రంధ్రం, అద్దంలా ఉంది. స్కోపుకు ఫ్యాక్టరీ రంధ్రాలు మాత్రం లేవు.

ఇక్కడ మొదటి నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. రంధ్రాలు వేయడం సాంకేతికంగా నాకు పూటలో అయ్యే పని. కాని అది వెనక్కి తీసుకోలేని పని. ఎవరూ ముట్టుకోని పాత రైఫిల్ రిసీవర్‌లో (బోల్టు కదిలే ఉక్కు భాగం) కొత్తగా నాలుగు రంధ్రాలు పడితే సేకరణ విలువ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తర్వాత ఎంత నేర్పుగా పూడ్చినా తెలిసినవాడి కంటికి దొరుకుతుంది. ఆ నష్టానికి ప్రతిగా చేనుకు లాభం కలుగుతుందా అన్నదే అసలు ప్రశ్న. .218 బీ తూటాలు ఇప్పుడు అంగళ్లలో అరుదు. ఎప్పుడో ఒకసారి తయారవుతాయి, వచ్చినప్పుడు ధర ఎక్కువ. ఈ తూటాను క్రమంగా కాల్చేవారు దాదాపు అందరూ స్వయంగా రీలోడింగ్ (కాల్చిన తూటా గొట్టాన్ని మళ్లీ నింపడం) చేసుకునేవారే. ఆయన రీలోడింగ్ చేయరు, నేర్చుకునే ఉద్దేశమూ లేదని స్పష్టంగా చెప్పారు. అంటే రంధ్రాలు వేసి రైఫిల్ విలువ తగ్గించినా, దానికి పెట్టే తూటా దొరకక అది గోడకే ఆనుతుంది. అందుకని పని ఒప్పుకోకుండా, ముందు చేను పటం గీసుకురమ్మన్నాను.

పటం చూశాక ప్రశ్న మారింది. గడ్డిచేను పొడవునా ఒక ఏటవాలు ఉంది. దాని అడుగు నుంచి కాలిస్తే గురి వెనక మట్టిగట్టు అడ్డుగా ఉంటుంది. ఆ చోటి నుంచి బొరియలు ఎక్కువగా 120 నుంచి 220 గజాల దూరంలో ఉన్నాయి. రెండు వైపుల ఇళ్లున్నాయి; శబ్దం గురించి ఒక పొరుగువారు ముందే అడిగారు. కాల్చేవారికి అరవై దాటాయి, దగ్గరి చూపు తగ్గింది. దేనిని ఎంచినా ఈ నాలుగు సంగతుల్లో ఇమడాలి.

పొరుగిళ్లున్న చోట అందరికీ ముందు తట్టే .22 రిమ్‌ఫైర్‌ను (అంచుమీద కొట్టి పేల్చే చిన్న తూటా) నేను ఎందుకు సూచించలేదో చెప్పాలి. దాని శబ్దం తక్కువే. కాని ఈ దూరాలకు దాని బలం చాలదు, జంతువు గాయపడి బొరియలోకి పోయి చస్తుంది. పైగా నెమ్మదిగా వెళ్లే సీసపు బుల్లెట్ నేలను తాకి ఎగిరి దూరం పోయే అవకాశం ఎక్కువ. వేగంగా వెళ్లే పలుచని తొడుగు బుల్లెట్ మట్టిని తాకగానే చాలావరకు ముక్కలైపోతుంది. ఇళ్ల మధ్య పొలాల్లో వేగమైన చిన్న తూటాలకు పేరు రావడానికి ఇదొక ముఖ్య కారణం. ముక్కలవుతుంది కదా అని వెనక గట్టు లేకుండా కాల్చడానికి మాత్రం వీల్లేదు.

చేసిన ప్రయత్నాలు, వాటిలో కుదరనివి

రైఫిల్ ఆయన చేతిలో ఉంది కనుక, దాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టుగా వాడవచ్చునేమో చూద్దామని మొదట ఇనుప సైటుతోనే కాగితంమీద కాల్పించాను. ఫలితం నేను ఊహించినట్టే వచ్చింది, అయినా ఆయన స్వయంగా చూడటం అవసరం. కారణం లెక్కలో ఉంది. ముందు సైటు చివరి చిన్న పూస, అంటే బీడు, వెడల్పు అంగుళంలో పదహారో వంతు, కంటికి దాని దూరం సుమారు 35 అంగుళాలు అనుకుంటే, 100 గజాల దగ్గర ఆ బీడు దాదాపు ఆరున్నర అంగుళాల వెడల్పును కప్పేస్తుంది. 150 గజాల దగ్గర పది అంగుళాలకు దగ్గరగా. నిటారుగా కూర్చున్న వుడ్‌చక్ మొత్తం ఆ బీడు వెనక దాక్కుంటుంది. కుర్ర కళ్లకు కూడా ఇది కష్టమే. ఆయన కళ్లకు వెనక గాడి, ముందు బీడు, గురి, ఈ మూడూ ఒకేసారి స్పష్టంగా కనిపించే అవకాశమే లేదు. స్కోపు తప్పదని తేలింది, ఆ రైఫిల్‌కు స్కోపు పెట్టకూడదని అంతకు ముందే తేలింది. మోడల్ 43 ఆ విధంగా చేను పనినుంచి తప్పుకుంది.

రెండో ప్రయత్నం .22 హార్నెట్. ఈ తూటా నాకు ఇష్టమైనది, అది దాచను. 1885 నాటి .22 వించెస్టర్ సెంటర్‌ఫైర్ అనే మెత్తని తూటాను తీసుకుని, 1920ల చివర్లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీతో సంబంధమున్న కొందరు ఔత్సాహికులు దాన్ని ఆధునిక పౌడరుతో నింపి కొత్త ప్రాణం పోశారు. టౌన్సెండ్ వీలెన్ వారిలో ప్రముఖుడు. 1930లో వించెస్టర్ తూటాలు అమ్మడం మొదలుపెట్టే నాటికి దీనికోసం ఫ్యాక్టరీ రైఫిలే లేదు. 45 గ్రెయిన్ల బుల్లెట్‌కు సుమారు 2,690 అడుగుల వేగం ఉంటుంది. శబ్దం మెత్తన, తూటాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. 150 గజాలకు సైటు సరిచేస్తే 200 గజాల దగ్గర నాలుగైదు అంగుళాలు కిందికి దిగుతుంది. ఆయన దూరాల్లో ఎక్కువ భాగం దీనికి అందుతాయి, చివరి బొరియలు మాత్రం అంచున ఉంటాయి. శబ్దం తగ్గుతుంది కనుక ఆ అంచును వదులుకోవచ్చునని లెక్క వేసుకున్నాను.

1930ల నాటి సావేజ్ 23-డి ఒకటి ఆయన కంటపడింది. వెనకటి యజమాని ఎవరో అప్పటికే దానికి స్కోపు రంధ్రాలు వేయించారు. సేకరించేవారు అలాంటిదాన్ని వదిలేస్తారు కనుక ధర తగ్గింది. కాల్చేవారికి అదే లాభం. పరీక్షకు కొన్నాళ్లు గడువు, నచ్చకపోతే వాపసు అనే షరతుమీద తెప్పించమన్నాను. పాత రైఫిల్ విషయంలో ఈ షరతు లేని బేరానికి నేను ఎవరినీ ప్రోత్సహించను.

హార్నెట్ రైఫిళ్లలో ముందుగా చూడవలసింది బోరు కొలత. తొలినాటి బ్యారెళ్ల గాడి వ్యాసం చాలావరకు .223 అంగుళాలు, తర్వాతివి.224. మెత్తని సీసపు ముద్దను బోరులోంచి నెట్టి కొలిస్తే ఇది .223గా తేలింది. అందులో దోషమేమీ లేదు. దానికి తగిన బుల్లెట్‌తో ఉన్న తూటాలు ఎంచుకోవాలి, అంతే. రైఫిలింగ్ (బోరులో మెలితిరిగే గాళ్లు) మెలిక 16 అంగుళాలకు ఒక చుట్టు, పొట్టి 45 గ్రెయిన్ల బుల్లెట్‌కు సరిపోతుంది. హార్నెట్ తూటాకు అంచు ఉంటుంది కనుక హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టుకూ తూటాను ఆపే చోటికీ మధ్య దూరం, ఆ అంచు మందంమీద నిలుస్తుంది. గేజిలతో చూస్తే అదీ హద్దుల్లోనే ఉంది. అంతా సవ్యంగా కనిపించింది.

కాల్చాక తెలిసింది. కాగితంమీద తూటాలు 100 గజాల దగ్గర మూడు అంగుళాలకు పైగా చెదిరాయి. బయటికి వచ్చిన ఖాళీ కేసులను (తూటా ఇత్తడి గొట్టాలను) చేతిలోకి తీసుకోగానే కారణం కనిపించింది. హార్నెట్ కేసు పొడవునా సన్నగా వాలుతూ, మెడ దగ్గర మెత్తగా ఒదుగుతుంది. ఈ రైఫిల్‌లోంచి వచ్చిన కేసులకు గోడలు దాదాపు నిటారుగా, భుజం పదునుగా ఉన్నాయి. చాంబరులో (తూటా కూర్చునే గది) సెర్రోసేఫ్ అనే తక్కువ వేడికే కరిగే లోహం పోసి అచ్చు తీస్తే అనుమానం ఖాయమైంది: ఎవరో ఒకప్పుడు ఈ చాంబరును కె-హార్నెట్‌గా తిరిగి కోయించారు. లైల్ కిల్‌బోర్న్ 1940 ప్రాంతంలో రూపొందించిన ఈ మార్పు, మామూలు హార్నెట్ కేసులో మరికొంచెం పౌడరు పట్టేలా చేస్తుంది. అలా మార్చినప్పుడు బ్యారెల్‌మీద కొత్త పేరు చెక్కించాలి. ఆ పని ఎవరూ చేయలేదు. బ్యారెల్‌మీద ఇప్పటికీ హార్నెట్ అనే ఉంది.

మామూలు హార్నెట్ తూటాను కె-హార్నెట్ చాంబరులో కాల్చవచ్చు. కేసు సాగి కొత్త ఆకారం తీసుకుంటుంది. కాని ఆ సాగడంలో కొంత వేగం పోతుంది, నిలకడ తగ్గవచ్చు. అసలు లాభం పొందాలంటే ఆ సాగిన కేసులను కె-హార్నెట్ డైలు అనే అచ్చులతో తిరిగి నింపుకోవాలి. రీలోడింగ్ చేసేవారి చేతిలో ఇది చక్కని రైఫిల్. ఈయన చేతిలో కాదు. బ్యారెల్‌ను వెనక్కి జరిపి మామూలు హార్నెట్‌గా తిరిగి కోయవచ్చునా అని ఆయన అడిగారు. చేయవచ్చు. దానికయ్యే ఖర్చు రైఫిల్ ధరను మించుతుంది, పైగా ఆ బ్యారెల్ మీద ఇంకో పరాయి చేయి పడుతుంది. గడువు మిగిలి ఉండగానే వెనక్కి పంపించాం. ఎందుకు పంపుతున్నామో చీటీ రాసి పెట్టాను. తర్వాత కొనేవాడికి ఆ చీటీ దక్కాలన్నదే నా ఆశ.

ఈలోగా ఆయన రెండు రైఫిళ్లమీద మనసుపడ్డారు. ఒకటి .22 హై-పవర్ తూటాకు చేసిన సావేజ్ 99. ఇది 1912 నాటి తూటా, బుల్లెట్ వ్యాసం.228, ఇప్పుడు అంగళ్లలో దొరికే .224 బుల్లెట్లు దానికి పనికిరావు. పైగా 1920ల చివరి వరకు తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్లలో వాడిన రసాయనం కాల్చిన తర్వాత బోరులో ఉప్పు మిగిల్చేది. వెంటనే నీళ్లతో కడగకపోతే తుప్పు పట్టేది. ఆ కాలపు బోర్లు గుంటలు పడి కనిపించడానికి కారణం అదే. బోరు చూపించే సన్నని కెమెరా పెట్టగానే ఆ గుంటలు కనిపించాయి. అక్కడితో ఆపేశాం.

రెండోది .220 స్విఫ్ట్ తూటాకు చేసిన పాత మోడల్ 70. 1935లో వచ్చిన ఈ తూటా 48 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు 4,110 అడుగుల వేగంతో పంపుతుందని కంపెనీ ప్రకటించింది. ఆ వేగం ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆయన చేను మొత్తానికి అది అందుతుంది, ఇంకా మిగులుతుంది. కాని శబ్దం పొరుగువారిని కలవరపెడుతుంది. ఆ వేగానికి కారణమైన వేడి వాయువులు చాంబరు ముందు భాగాన్ని తినేస్తాయి. కెమెరాలో చూస్తే గొంతు దగ్గర రైఫిలింగ్ అంచులు అరిగి, ఎండిన చెరువులా ఉపరితలం నెర్రెలిచ్చి ఉంది. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆయన ఎప్పుడూ 220 గజాలు దాటి కాల్చరు. అవసరం లేని వేగానికి బ్యారెల్ ఆయుష్షు, పొరుగువారి సహనం ధారపోయడం న్యాయం కాదని చెప్పాను. ఆయన కాస్త బాధపడ్డారు, ఒప్పుకున్నారు.

కుదిరినది

అప్పటికి లెక్క తేలింది: హార్నెట్ కన్నా కొంచెం ఎక్కువ దూరం, స్విఫ్ట్ కన్నా చాలా తక్కువ శబ్దం, అంగట్లో దొరికే తూటా, ఫ్యాక్టరీలోనే స్కోపు రంధ్రాలు పడిన రిసీవర్. ఈ నాలుగూ కలిసేచోట .222 రెమింగ్టన్ ఉంది. రెమింగ్టన్ కంపెనీ ఇంజినీరు మైక్ వాకర్ రూపొందించగా 1950లో వచ్చిన ఈ తూటా, ముందున్న చాలా తూటాల్లా మరో పాత కేసును కుదించి చేసింది కాదు, మొదటినుంచి కొత్తగా గీసినది. 50 గ్రెయిన్ల బుల్లెట్‌కు సుమారు 3,140 అడుగుల వేగం. బల్లమీద ఆనించి గురి పోటీలు చేసేవారు చాలా ఏళ్లపాటు ఎక్కువగా దీన్నే వాడారు. 200 గజాలకు సరిచేస్తే 100 గజాల దగ్గర సుమారు రెండు అంగుళాలు పైకి తగులుతుంది. అంటే ఆయన దూరాలన్నిటికీ గురి మార్చకుండా జంతువు శరీరంపైనే ఆనించి కాల్చవచ్చు.

ఫిన్లాండ్ నుంచి వచ్చిన సాకో ఎల్46 మీద కూడా ఆలోచించాం. రిసీవర్‌మీదే స్కోపు మౌంటు పట్టే అంచులు తీర్చి ఉంటాయి, రంధ్రాలతో పనే లేదు, పనితనం అపురూపం. ధర, విడి మ్యాగజైను పోతే దొరకడంలో ఉన్న కష్టం చూసి వదిలేశాం.

మిగిలింది రెమింగ్టన్ 722. 1948లో మొదలై 1962 వరకు తయారైన ఈ రైఫిల్‌కు అలంకారం లేదు. కట్టెమీద చెక్కుడు లేదు, మ్యాగజైను కింద తెరుచుకునే మూత లేదు. కాని తూటా అడుగును బోల్టు ముఖపు అంచు, బ్యారెల్, రిసీవర్ మూడు ఉక్కు వలయాలుగా చుట్టి ఉంటాయి. కేసు పగిలినా వాయువు కాల్చేవారి ముఖంమీదికి రాకుండా ఆపే బలమైన అమరిక అది. .222కు చేసినవాటికి బ్యారెల్ 26 అంగుళాలు, మెలిక 14 అంగుళాలకు ఒక చుట్టు. మాకు దొరికినదానికి వెనకటి యజమాని కట్టెను గీకి కొత్త వార్నిష్ పూశారు, భుజానికి రబ్బరు ప్యాడు బిగించారు. సేకరించేవారికి అది పనికిరాదు, అందుకే ధర మా అందుబాటులో ఉంది. మొదటి రైఫిల్‌ను ముట్టుకోవద్దని అన్న నేనే, దీన్ని ముట్టుకున్నారు కనుక కొనమన్నాను. రెండు సలహాల వెనకా ఒకటే ఆలోచన: చేనుకు తీసుకెళ్లే రైఫిల్ వానలో తడుస్తుంది, కంచెకు గీసుకుంటుంది, ఆ గీతలు చెక్కుచెదరని దానిమీద పడకూడదు.

పరీక్ష వరస ఇలా సాగింది. బ్యారెల్‌మీద ఉన్న తూటా పేరు చదివాం, దాన్ని నమ్మకుండా చాంబరు అచ్చు తీశాం, మామూలు.222గానే తేలింది. ఈ కుటుంబంలో .222 రెమింగ్టన్ మ్యాగ్నమ్, .223 రెమింగ్టన్ కూడా ఉన్నాయి, చూపుకు ఒకేలా ఉంటాయి కనుక ఈ జాగ్రత్త తప్పదు. ఈ తూటాకు అంచు లేదు, హెడ్‌స్పేస్ భుజంమీద నిలుస్తుంది. గో గేజి (కనీస కొలత) మీద బోల్టు మూసుకుంది, నో-గో గేజి (గరిష్ఠ కొలత) మీద మూసుకోలేదు. బ్యారెల్ ఎడమవైపున్న చిన్న అక్షరాల సంకేతం 1950ల తొలినాళ్లను చూపింది. గొంతు దగ్గర అరుగుదల స్వల్పం. మూతి దగ్గర మాత్రం అంచు ఒకచోట నొక్కుకుపోయింది. శుభ్రం చేసే కడ్డీని ముందునుంచి దూర్చినందువల్ల వచ్చే దెబ్బ అది. లేతుమీద మూతిని పలుచగా తిరిగి తీర్చాను. ఖాళీ కేసును బయటికి లాగే, బోల్టు ముఖంలో దాగి ఉండే చిన్న ఎక్స్‌ట్రాక్టర్ పట్టు సరిగానే ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ట్రిగ్గర్‌మీద పెట్టాను. ఈ రకం పాత ట్రిగ్గర్ గురించి అమెరికా కోర్టుల్లో చాలాకాలం వ్యాజ్యాలు నడిచాయి. చివరికి కుదిరిన ఒప్పందం పరిధిలో 721, 722 కూడా ఉన్నాయి. కాబట్టి ఏ 722ను పరీక్షించినా, ఖాళీ చాంబరుతో, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదిలి, ఆపైన సేఫ్టీ తీసి స్ట్రైకర్ (తూటాను పేల్చే సూది) దానంతటదే పడుతుందేమో చూస్తాను. బోల్టును గట్టిగా మూసి, కట్టెమీద రబ్బరు సుత్తితో తట్టి కూడా చూస్తాను. ఈ రైఫిల్‌లో వెనకటి చేయి ఎవరిదో సర్దుబాటు స్క్రూలను తిప్పి లాగుడు ప్రమాదకరమైనంత తేలిక చేసింది, లోపల నూనె గడ్డకట్టి జిగురైంది. బోల్టు గట్టిగా మూసినప్పుడు స్ట్రైకర్ ఒకసారి పడింది. శుభ్రం చేసి స్క్రూలు బిగిస్తే సరిపోతుందా, పూర్తిగా మార్చాలా అన్నది నిర్ణయం. శుభ్రం చేశాక మళ్లీ పడలేదు. అయినా మార్చాను. ఒకసారి పడిన ట్రిగ్గర్ మళ్లీ పడదని నేను మాట ఇవ్వలేను; ఆ పొలంలో మనుమలు తిరుగుతారు. కొత్త ట్రిగ్గర్ బిగించి, పాతదాన్ని సంచిలో పెట్టి, వాడరాదని రాసి ఇచ్చాను.

స్కోపు విషయంలో ఆయన ఆ కాలపుదే కావాలన్నారు. పాత స్కోపులు అందంగా ఉంటాయి, కాని లోపలి గాలి బిగువు పోయి తెల్లవారుజాము చలిలో మసకబారుతాయి. వుడ్‌చక్ బయటికి వచ్చే వేళల్లో ఒకటి అదే. మార్చలేని 6 రెట్ల శక్తితో, సన్నని గొట్టంతో, చూడటానికి పాతదానిలా ఉండే కొత్త స్కోపు ఎంచాం. ఫ్యాక్టరీ 50 గ్రెయిన్ల తూటాలతో 100 గజాల దగ్గర ఐదు తూటాలు అంగుళం చుట్టుపక్కల పడ్డాయి. రీలోడింగ్ లేకుండా డెబ్బై ఏళ్లనాటి రైఫిల్ ఇంత ఇవ్వడం నాకు నిజంగా ఆనందం కలిగించింది.

చివరి పని చేను పటంమీద. వెనక మట్టిగట్టు ఉన్న దిక్కులను ఆకుపచ్చతో, ఇళ్లు, గుర్రాలు, దారి ఉన్న దిక్కులను ఎరుపుతో గీశాం. ఎరుపు దిక్కున జంతువు ఎంత దగ్గర కూర్చున్నా రైఫిల్ ఎత్తకూడదు. ఎప్పుడు కాలుస్తారో పొరుగువారికి ముందు చెప్పే పద్ధతి పెట్టుకున్నారు. రెండో కోత నాటికి ఏటవాలులో కొత్త బొరియలు ఆగాయి, పాతవాటిని రాళ్లు, మట్టితో పూడ్చారు. వచ్చే ఏడు పక్క చేలనుంచి మళ్లీ కొన్ని వస్తాయి. ఈ పనికి ముగింపు ఉండదని ఆయనకు మొదటే చెప్పాను.

ఈ కేసు నేర్పినవి

మొదట దూరం, వెనక గట్టు, శబ్దం, కాల్చేవారి కళ్లు, తూటా సరఫరా తేల్చుకుంటే, వాటికి తగిన తూటా దానంతటదే బయటపడుతుంది. ఆ తూటాకు చేసిన పాత రైఫిళ్లు అప్పుడు గుప్పెడే మిగులుతాయి, ఎంపిక సులువవుతుంది. రీలోడింగ్ చేస్తారా లేదా అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కటే సగం తూటాలను కొట్టేస్తుంది. రీలోడింగ్ చేసేవారు వచ్చి ఉంటే నా సలహా చాలావరకు మారేది. బహుశా ఆ సావేజ్ 23-డినే ఉంచుకోమనేవాడిని.

బ్యారెల్‌మీది పేరును సాక్ష్యంగా తీసుకోవచ్చు, తీర్పుగా కాదు. 1930ల నుంచి 1950ల వరకు ఈ దేశంలో చాంబర్లను తిరిగి కోయించుకోవడం వేటగాళ్లకు మామూలు అలవాటు. చాంబరు అచ్చుకయ్యే ఖర్చు ఒక తూటా పెట్టె ధరకన్నా తక్కువ. అది లేకుండా ఈ కాలపు చిన్న కాలిబర్ రైఫిల్‌ను కొనమని నేను చెప్పను. కాల్చిన మొదటి ఖాళీ కేసును పారేయకుండా కొత్తదాని పక్కన పెట్టి చూడటం ఎవరైనా చేయగల పని.

మోడల్ 43ను ఆయన అమ్మలేదు. దొరికినప్పుడల్లా ఒకటి రెండు పెట్టెల బీ తూటాలు కొని, దగ్గరి దూరంలో కాగితంమీద ఇనుప సైటుతోనే కాలుస్తున్నారు. దాని రిసీవర్‌లో ఇప్పటికీ ఒక్క కొత్త రంధ్రమూ లేదు.

తేలకుండా మిగిలిన సంగతి ఒకటుంది. ముక్కలయ్యే బుల్లెట్ సీసాన్ని కళేబరంలో వదులుతుంది. దాన్ని తినే గద్దలు, రాబందులకు విషం ఎక్కుతుంది. కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేట మొత్తానికి సీసం లేని తూటాలను తప్పనిసరి చేసింది. పెన్సిల్వేనియాలో ఈయన పనికి అలాంటి నియమం లేదు. అయినా కళేబరాలను లోతుగా పాతిపెట్టమని చెప్పాను, పెడుతున్నారు. రాగి బుల్లెట్ అదే బరువున్న సీసపు బుల్లెట్ కన్నా పొడవుగా ఉంటుంది. 14 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే ఈ పాత మెలిక పొడవైన బుల్లెట్‌ను గాలిలో నిలకడగా తిప్పలేదు కనుక, 40 గ్రెయిన్ల లోపు పొట్టి రాగి బుల్లెట్లే దీనికి పట్టవచ్చు. అలాంటి ఫ్యాక్టరీ తూటా ఏదైనా ఈ బ్యారెల్‌లో నిలకడగా కాలుతుందో లేదో వచ్చే వసంతంలో కాగితంమీద పరీక్షించాలని ఆయనా నేనూ అనుకున్నాం.